ఆయిల్ ఫీల్డ్ డ్రైవరుకు ఈ సలహాలు ఇవ్వకండి

కువైట్‌లో బుర్గాన్, మినాగీష్, రౌదతైన్ వంటి చమురు క్షేత్రాలకు రాత్రీపగలూ ట్రక్కులు తిరుగుతుంటాయి. రిగ్గులకు నీళ్ళు, డీజిల్, పైపులు చేరాలంటే అవే దిక్కు. కడప, రాయచోటి, కోనసీమల నుంచి ఆ స్టీరింగు పట్టడానికి బయల్దేరే కుర్రాళ్ళకు చుట్టాలు, పాతకాపులు, ఏజెంట్లు కొన్ని మాటలు నూరిపోస్తారు. చాలామంది మంచి కోరే చెబుతారు. కానీ ఆ మాటల ఖరీదు డ్రైవరు జీతంలోంచో, ఒంట్లోంచో పోతుంది.

1. “ముందు ఏదో ఒక వీసా మీద వెళ్ళు, అక్కడ చూసుకోవచ్చు”

20వ నంబరు వీసా, అంటే ఖాదిమ్ వీసా, ఇంటి పనివాళ్ళకు ఇచ్చేది. దాని మీద దిగి కంపెనీ ట్యాంకరు ఎక్కితే పట్టుబడ్డ రోజున ఇంటికి పంపేస్తారు. జీతం ఎగ్గొడితే అడగడమూ కష్టమవుతుంది. ప్రైవేటు కంపెనీల కార్మికులకు అండగా ఉన్న 2010 నాటి కువైట్ 6వ నంబరు కార్మిక చట్టం ఇంటి పనివాళ్ళకు వర్తించదు. ట్రక్కు నడపాలంటే 18వ నంబరు షూన్ వీసా కావాలి. కంపెనీ పేరు, ఉద్యోగం, జీతం కాగితం మీద చూశాకే డబ్బు కట్టండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ రూ.30,000, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగేవాడికి దణ్ణం పెట్టి వచ్చేయండి.

2. “ఓటీ (ఓవర్‌టైమ్) సంగతి ఎత్తకు, ఇచ్చింది పుచ్చుకో”

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. పైన చెప్పిన 2010 చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని. ఆపైన చేసే ప్రతి గంటకూ మామూలు జీతం మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. లెక్క తేలిగ్గా ఉండాలని నెలకు 208 దీనార్లు అనుకుందాం. 26 పనిదినాలకు పంచితే రోజుకు 8 దీనార్లు, గంటకు 1 దీనారు. ఓటీ గంటకు 1 దీనారు 250 ఫిల్స్. రోజూ రెండు గంటల చొప్పున పది రోజులు వదులుకుంటే 25 దీనార్లు పోయినట్టే.

“రాతపూర్వకంగా ఆర్డరు ఇవ్వలేదుగా” అని కంపెనీ తప్పించుకోకుండా చట్టం ముందే కట్టడి చేసింది. ఓటీ చేశానని ఏ ఆధారంతోనైనా నిరూపించుకునే హక్కు కార్మికుడికి ఉంది. అందుకే క్యాబిన్‌లో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, బండి నంబరు, బయల్దేరిన టైము, గేటు దగ్గర ఆగిన టైము, అన్‌లోడ్ అయిన టైము రాయండి. రిగ్గు బయట లైన్లో ఆగి ఉన్న గంటల్ని విశ్రాంతి కింద వదిలేయకండి. బండి విడిచి వెళ్ళే వీలు లేనప్పుడు వాటినీ రాసి ఉంచండి. జీతం ట్రిప్పు లెక్కా, గంటల లెక్కా అన్నది సంతకానికి ముందే తేల్చుకోండి.

3. “నిద్రొస్తే స్ట్రాంగ్ టీ తాగి లాగించేయ్”

టీతో కాసేపు కళ్ళు తెరుచుకుంటాయి, అలసట మాత్రం అలాగే ఉంటుంది. అమెరికాలో చమురు, గ్యాస్ వెలికితీత కార్మికుల మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని అక్కడి ప్రభుత్వ సంస్థ నియోష్ చెబుతోంది. ఎడారిలో తిన్నని రోడ్డు, నిద్రలేమి కలిస్తే ఎక్కడైనా అదే ప్రమాదం. వరసగా 5 గంటలకు మించి పని చేయించకూడదని, మధ్యలో కనీసం గంట విరామం ఇవ్వాలని కువైట్ చట్టమే చెబుతోంది. బండి పక్కకు తీసి పడుకోండి. ట్రిప్పు ఆలస్యమైతే సర్దుకోవచ్చు.

4. “వాసన వస్తే అప్పుడు చూసుకుందాంలే”

చమురు క్షేత్రాల్లో ఎదురయ్యే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట్లో కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. గాలిలో 100 పీపీఎం దాకా చేరితే ముక్కు మొద్దుబారిపోయి ఆ వాసన తెలియదు. విషం తగ్గిందని మనిషి పొరబడేది అప్పుడే. గ్యాస్ డిటెక్టరును డ్యాష్‌బోర్డు మీద పడేయకుండా కాలరు దగ్గర తగిలించుకోండి. ట్యాంకు మూత తీసేటప్పుడు గాలి మీ వీపు వైపు నుంచి మూత వైపు వీచేలా నిలబడండి. తోటివాడు కుప్పకూలితే శ్వాస పరికరం లేకుండా దగ్గరికి పరుగెత్తకండి. ముందు అలారం కొట్టండి. ఆదరాబాదరా వెళ్ళినవాడు రెండో శవం అవుతాడు.

5. “చెప్పిన చోట సంతకం పెట్టి విమానం ఎక్కేయ్”

ఇది ఉద్యోగం ముగించి తిరిగొచ్చేటప్పుడు వినే మాట. నెలజీతం కార్మికుడికి సర్వీసు ముగింపు సొమ్ము తొలి అయిదేళ్ళకు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం చొప్పున వస్తుంది. తనంతట తాను మానేస్తే మాత్రం సర్వీసును బట్టి తగ్గుతుంది. అరబీ కాగితంలో “మొత్తం ముట్టింది” అని ఉంటే, చదవకుండా సంతకం పెట్టాక ఆ డబ్బు రాబట్టుకోవడం కష్టమవుతుంది. తెలిసినవాడితో చదివించుకోండి. కేసు వేయాలంటే ఒప్పందం ముగిసిన ఏడాదిలోపే వేయాలి. ముందు కార్మిక శాఖలో ఫిర్యాదు ఇవ్వాలి.

ఇంట్లోవాళ్ళకూ ఒక పని ఉంది. కాంట్రాక్టు, సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు), ప్రవాసీ భారతీయ బీమా పాలసీ కాపీలు మీ దగ్గర పెట్టుకోండి. నోటుబుక్కు పేజీల ఫోటోలు నెలనెలా వాట్సాప్‌లో తెప్పించుకోండి. “సర్దుకుపో నాయనా” అనే ముందు ఆ నెల గంటలు లెక్క కట్టి చూడండి. తేడా కనిపిస్తే అడగమని చెప్పండి. అడగడానికి వాడికి కావలసిన ధైర్యం ముందు ఇంటి నుంచే రావాలి.