రాతలో లేని రాయి

మా ఆఫీసుకి వరద ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మొదటిది జూన్ మొదటి వారంలో వీడియో కాన్ఫరెన్సులో వస్తుంది. రెండోది ఆగస్టులోనో సెప్టెంబరులోనో వాగులో వస్తుంది. మొదటిదానికి మేం సర్వసన్నద్ధం. రెండోది నోటీసు ఇవ్వకుండా, అదీ సరిగ్గా సెలవురోజు చూసుకుని వస్తుంది గనక దాని సంగతి వేరు.

నా ఉద్యోగం పేరు చెబితే మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు. రవాణా ఆపత్కాల ప్రణాళిక విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. "అంటే ఏం చేస్తారు బాబూ?" అని అడిగారొకసారి. "రోడ్లూ రైళ్లూ ఆగిపోతే ఏం చెయ్యాలో ముందే రాసిపెడతామండీ" అన్నాను. "రాసి?" అన్నారు. "పెడతాం" అన్నాను. మా పని మీద ఇంత కచ్చితమైన సమీక్ష ఏ ఆడిట్ పార్టీ ఇవ్వలేదు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి శాఖా తన ప్రణాళిక తాను రాసుకోవాలి, ఏటా సవరించుకోవాలి. మాది మూడువందల పేజీల పైచిలుకు. సవరించడమంటే అట్ట మీద సంవత్సరం మార్చడమేనని బయట ఒక అపవాదు ఉంది. శుద్ధ అబద్ధం. లోపల కలెక్టరు గారి పేరు కూడా మారుస్తాం. ఒక ఏడు కొత్తగా చేరిన కుర్రాడొకడు ఉత్సాహం పట్టలేక లోపలి విషయం కూడా మార్చేశాడు. కిందటేటి ప్రతితో సరిపోలడం లేదని అభ్యంతరం వచ్చింది. కుర్రాణ్ణి ఇప్పుడు ఇన్‌వార్డు తపాలాలో వేశాం.

ఈ మధ్య ఢిల్లీ నుంచి వచ్చే ప్రతి కాగితంలోనూ ఒకటే మాట: రెసిలియెన్స్. 2019లో మన దేశమే ముందు నిలబడి, విపత్తులను తట్టుకునే మౌలిక వసతుల కోసమని ఒక అంతర్జాతీయ కూటమి పెట్టించింది. దాని ప్రధాన కార్యాలయం కూడా ఢిల్లీలోనే. లోకానికంతటికీ చెబుతున్న మాటకి తెలుగేమిటని పైనుంచి అడిగారు. మా సూపరింటెండెంటు గారు ఎమ్మెస్సీ ఫిజిక్సు. "స్థితిస్థాపకత" అని రాసి సంతకం పెట్టేశారు. లాగి వదిలితే రబ్బరు మళ్లీ పాత స్థితికి వస్తుంది చూడండి, అదన్నమాట.

మొదట నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే అంతకంటే సరైన మాట లేదు. మా రోడ్లు నిజంగా రబ్బరే. ఎంతటి వరదకి కొట్టుకుపోనీ, ఆరు నెలల్లో అచ్చంగా పాత స్థితికి వచ్చేస్తాయి. అదే తూము, అదే ఎత్తు, అదే వంకర, వచ్చే వానకి అదే చోట కోత. ఇందులో ఇంజినీర్ల తప్పేం లేదు. విపత్తు ప్రతిస్పందన నిధి ఉన్నదాన్ని అప్పటికప్పుడు బాగు చేసుకోవడానికి డబ్బిస్తుంది, లేనిదాన్ని కట్టుకోవడానికి కాదు. 2015–20 నిబంధనల్లో రాష్ట్ర రహదారికి కిలోమీటరుకి రూ.1 లక్ష, పల్లె రోడ్డుకి రూ.60 వేలు. దాంతో గండి పూడుతుందేమో గానీ చప్టా పోయి వంతెన లేవదు. 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో దేశాలన్నీ కూర్చుని, పోయినదాన్ని మునుపటికంటే మెరుగ్గా కట్టుకోవాలని ఒప్పుకున్నాయి. ఆ "మునుపటికంటే" అన్న మాటకి మా పద్దుల్లో హెడ్ ఆఫ్ అకౌంట్ లేదు.

మా ప్రణాళికలో నాకు బాగా ఇష్టమైంది "ప్రత్యామ్నాయ మార్గాలు" అనే అధ్యాయం. జాతీయ రహదారి తెగితే ప్రయాణికులను రైళ్లలో పంపవలెను, వివరాలకు 58వ పేజీ చూడుడు అని 41వ పేజీలో ఉంటుంది. రైలు మార్గం తెగితే బస్సులు వేయవలెను, వివరాలకు 41వ పేజీ చూడుడు అని 58వ పేజీలో ఉంటుంది. కాగితం మీద దీనికి తిరుగులేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. నందిగామ దగ్గర ఐతవరంలో మున్నేరు హైదరాబాద్–విజయవాడ రహదారి ఎక్కింది. ఆ వానలకే అటు మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నెకీ కేసముద్రానికీ మధ్య పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. మా పుస్తకాన్ని నమ్ముకున్నవాడు 41 నుంచి 58కి, 58 నుంచి 41కి తిరుగుతూనే ఉండాలి. అదృష్టవశాత్తూ జనం ఎవరూ దాన్ని చదవలేదు. నార్కట్‌పల్లి–అద్దంకి దారి పట్టి, మిర్యాలగూడ మీదుగా గుంటూరు చుట్టి వచ్చారు.

పాపం, మున్నేరు చెప్పకుండా వచ్చిందని కూడా అనలేం. 2023 జూలైలో అదే ఐతవరం దగ్గర అదే రహదారి ఎక్కి చూపించింది. ఒకసారి వస్తే విపత్తు, ఏటా వస్తే అది టైమ్‌టేబులు. కానీ మా పట్టికలో మొదటిది "అసాధారణం" అన్న గడిలో పడింది. రెండోదీ అసాధారణమే. ఆ గడిలో ఇంకా ఎనిమిది వరుసలు ఖాళీగా ఉన్నాయి.

2024లో ఆ ఆదివారం మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. అంతకుముందు అక్కడ ఎన్నడూ నమోదు కానంత ప్రవాహం. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గరి కౌంటర్ వెయిట్లను గుద్దేశాయి. ఆ పడవల్ని జలరవాణా సాధనాలుగా చూపాలా, వరదలో కొట్టుకొచ్చిన శిథిలాలుగా చూపాలా అని మా సెక్షన్లో రెండు రోజులు చర్చ నడిచింది. బ్యారేజీ మా జిల్లాలో లేదు. అయినా నడిచింది. వరద రోజుల్లో మాకు తీరిక ఎక్కువ.

మాక్ డ్రిల్ గురించి రెండు ముక్కలు. మేలో పెట్టారు. వాగులో నీళ్లు లేవు, ట్యాంకరు తెప్పించాం. డ్రిల్ బాగానే జరిగింది, ట్యాంకరు బిల్లు ఇంకా మునిగే ఉంది.

పుస్తకంలో జనం నిజంగా తిరగేసేది ఒక్క అనుబంధం–9. అందులో ఫోన్ నంబర్లుంటాయి. ఒక వాన రాత్రి, చెట్టు కూలి రోడ్డు మూసుకుపోతే, రంపం ఎవరి దగ్గరుందో కనుక్కుందామని అందులో మొదటి నంబరుకి చేశాను. స్విచ్చాఫ్. రెండోది ఒక టైలరుగారిది. ఏళ్ల తరబడి అర్ధరాత్రి ఫోన్లు వస్తున్నా ఆయన ఓపిగ్గా, "చెట్టా, గండా?" అని అడిగారు. మూడో నంబరు సరైనదే, మనిషీ సరైనవాడే. "బదిలీ అయి మూడేళ్లయింది బాబూ, అనంతపురంలో ఉన్నాను. అక్కడ వానా? అదృష్టవంతులు" అన్నాడు.

ఇదంతా విని ప్రణాళికలే దండగ అనుకునేరు. రైల్వేవాళ్లు వానాకాలం రాత్రిళ్లు గస్తీ తిప్పుతారు. చేతిలో దీపం, సంచిలో డిటోనేటర్లు పెట్టుకుని ఒక మనిషి చీకట్లో పట్టాల వెంట నడిచి వెళ్లి, అటునుంచి వచ్చే మనిషిని కలిసి, గస్తీ పుస్తకాలు మార్చుకుని వెనక్కి రావాలి. అదీ ప్రణాళికే. కాకపోతే దానికి కాళ్లున్నాయి. ఎగువన ఉండి, తెగితే పట్టాలను కోసేసే చెరువులకి వాళ్ల దగ్గర వేరే జాబితా ఉంటుంది. వానలకి ముందే రైల్వే, నీటిపారుదల ఇంజినీర్లు కలిసి ఆ కట్టలు చూసి రావాలి. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర ఎగువ చెరువు తెగింది, చిన్న వంతెన కొట్టుకుపోయింది, తెల్లవారుజామున డెల్టా ప్యాసింజరు వచ్చింది. వందమందికి పైగా పోయారు. ఆ జాబితాని ఎగతాళి చెయ్యడానికి నాకు చెయ్యి రాదు.

మా సంగతికొస్తాను. ముందటేడు ఎండల్లో క్షేత్ర పర్యటన అని ఒక చప్టా దగ్గరికి వెళ్లాను. వాగుకి ఇవతల టీకొట్టు. పక్క ఊళ్లో రాత్రి నిద్ర చేసే నైట్‌హాల్ట్ బస్సు అక్కడ ఆగి ఉంది. డ్రైవరుకి రిటైర్మెంటు దగ్గర పడుతోంది, ఆ రూట్లోనే జుట్టు నెరిసిందట. "వరదలో బస్సు ఎప్పుడు ఆపాలో మీకెలా తెలుస్తుందండీ?" అని అడిగాను. మా పుస్తకంలో దానికి 11 పేజీలున్నాయి, ఎన్ని గుర్తున్నాయో చూద్దామని.

ఆయన టీ గ్లాసుతోనే వాగు వైపు చూపించాడు. చప్టా మొదట్లో ఒక రాయి. మైళ్ల కాలం నాటిది. అంకె అరిగిపోయింది, సున్నం పెచ్చులూడింది, నెత్తిన ఎవరో పసుపు రాశారు.

"అదుగో సార్. నీళ్లు దాని నడుం దాకా ఉంటే మెల్లగా పోనిస్తా. తల మునిగిందా, ఇంజన్ ఆపేసి టీ తాగుతా. మా గురువు చెప్పిన లెక్క."

"అంతేనా?"

"రాయి మునక్కపోయినా ఒక్కోసారి ఆపాలి సార్. నీళ్లు ఉత్తినే వస్తే వాననీళ్లు, గంటలో తీస్తాయి. నీళ్లలో తుంగ, తూటికాడ పెళ్లలు పెళ్లలుగా వస్తున్నాయంటే పైన చెరువు తెగిందని. అప్పుడు నడుం దాకా ఉన్నా సరే, దాటకూడదు. ఎనకాల పెద్దదొస్తది."

"అన్నయ్య ఆపాడంటే లారీలోళ్లు కూడా ఆపేస్తారండీ" అంది టీకొట్టావిడ, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

నాకు ఒళ్లు జలదరించింది. మూడువందల పేజీల్లో లేనిది మూడు ముక్కల్లో ఉంది. ఆఫీసుకి రాగానే నోట్ పుటప్ చేశాను: "చప్టా వద్ద రాయి మునిగినచో బస్సు నిలుపవలెను."

ఫైలు మూడు ప్రశ్నలతో వెనక్కొచ్చింది. సదరు రాయి రోడ్లు భవనాల శాఖదా, పంచాయతీరాజ్‌దా? అక్షాంశ రేఖాంశాలేవి? రాయికి నోడల్ ఆఫీసరు ఎవరు? జవాబులు రాసేసరికి దసరా దాటింది. తర్వాత, పైకి పంపేవి ఇంగ్లీషులో ఉండాలన్నారు. కంప్యూటర్లో అనువాద యంత్రానికి అప్పగించాం. దానికి తెలిసిన "రాయి" ఒకటే, పెన్నుతో రాసేది. నా వాక్యాన్ని "చప్టా దగ్గర రాత మునిగిపోతే బస్సు ఆపాలి" అన్న అర్థంలో ఇంగ్లీషులోకి మార్చి పంపింది. వారంలో పైనుంచి అర్జెంటు మెమో: మునిగిపోయిన రాతప్రతులు ఎన్ని? నకళ్లు తయారుచేశారా? బాధ్యులెవరు?

నకళ్ల గురించి మేం నిల్ రిపోర్టు పంపేలోపు అక్కడ రోడ్డు వెడల్పు చేశారు. రాయిని పెకలించి పక్కన పడేస్తే టీకొట్టావిడ దొర్లించుకుపోయి గిన్నెలు తోముకోవడానికి వేసుకుంది. దాని చోట ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో నీటిమట్టం బోర్డు పాతారు, ఫోటోలు దిగారు. మొదటి వరదకే బోర్డు కొట్టుకుపోయింది. పోయే ముందు నీళ్లు ఎరుపు దాకా వచ్చాయని చూసినవాళ్లు చెప్పారు గనక, బోర్డు సంతృప్తికరంగా పనిచేసినదని నివేదిక రాశాం.

కిందటి సెప్టెంబరులో ఒక రాత్రి ఎనిమిదిన్నరకి ఆ డ్రైవరు చప్టా దగ్గరికొచ్చాడు. రాయి లేదు, బోర్డు లేదు. హెడ్‌లైటు వెలుగులో నీళ్లు మరీ ఎక్కువగా కూడా లేవట. బస్సులో 31 మంది. సగం మంది "పోనీయ్ పోనీయ్" అని అరుస్తున్నారు. ఆయన దిగి, లుంగీ కట్టుకున్న ఒక ప్రయాణికుడి దగ్గర టార్చి తీసుకుని నీళ్లలోకి వేసి చూశాడు. పచ్చగా, వేళ్లతో సహా, తూటికాడ. బస్సు వెనక్కి తిప్పి అందరినీ ఊరి బడిలో పడుకోబెట్టాడు. పదకొండు ప్రాంతంలో అటువైపు ఎత్తు మీది విద్యుత్ స్తంభం కూడా కనబడలేదు.

మర్నాడు మేం పైకి పంపిన నివేదికలో "విభాగపు ప్రణాళికను అనుసరించి బస్సు నిలుపబడినది" అని ఉంది. రాసింది నేనే.

పది రోజులకి డ్రైవరు మా ఆఫీసు మెట్లెక్కాడు. చేతిలో మెమో. ఆ రాత్రి 26 కిలోమీటర్లు రద్దయ్యాయి, డిపో రాబడి తగ్గింది, ఎవరి ఉత్తర్వుల మేరకు బస్సు ఆపారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

"నాకు ఆఫీసు భాష రాదు సార్. మీరే రాసి పెట్టండి."

"ఏమని రాయమంటారు?"

"రాయి..." అని ఆగిపోయాడు. రాయి లేదు కదా. కాసేపు ఫ్యాను చూశాడు. "తూటికాడ చెప్పింది, ఆగాను. అంతే సార్."

ఉన్నదున్నట్టు రాశాను: "తూటికాడ సూచన మేరకు బస్సు నిలిపితిని." ఆయన సంతకం పెట్టాడు. నిన్ననే జవాబొచ్చింది. సదరు తూటికాడ ఏ శాఖకు చెందినవారు, వారి హోదా, ఫోన్ నంబరు తక్షణమే తెలుపవలసినది.

అనుబంధం–9లో చివర ఒక వరుస ఖాళీగా ఉంది. చేర్చేశాను. శాఖ: నీటిపారుదల. హోదా: క్షేత్రస్థాయి. ఫోన్ నంబరు దగ్గర మాత్రం కాసేపు తటపటాయించి, టైలరుగారిది వేశాను.