కలం పోటు

1839లో రోజీనా అనే ఇంగ్లీషు రచయిత్రి ‘షెవెలీ’ అనే నవల అచ్చు వేయించింది. అందులో లార్డ్ డి క్లిఫర్డ్ అనే మొగుడు పెళ్ళాన్ని కాల్చుకు తింటుంటాడు. రోజీనా ఆ మొగుడి పేరు మార్చిందే గానీ మనిషిని దాచలేదు. లండన్‌లో చదివినవాళ్ళు ఇట్టే పోల్చుకున్నారు. అంతకు మూడేళ్ళ ముందు ఆమెతో తెగతెంపులు చేసుకున్న భర్తే ఆ డి క్లిఫర్డ్. ఆయనా నవలాకారుడే, ఆమెకంటే చాలా పేరున్నవాడు, పార్లమెంటు సభ్యుడు కూడా.

1827లో తల్లి వద్దంటున్నా వినకుండా ఆయన రోజీనాను చేసుకున్నాడు. తల్లి డబ్బు ఆపేస్తే రాతల మీదే సంసారం లాక్కొచ్చాడు. విడిపోయాక ఆమెకు ఏడాదికి 400 పౌన్ల భరణం మిగిలింది. బిడ్డలిద్దరూ తండ్రి చేతికి పోయారు. అప్పటి ఇంగ్లండ్ చట్టంలో బిడ్డల మీద హక్కు తండ్రిదే.

‘షెవెలీ’ గొప్ప నవల అని నేను అనను. కథకంటే కోపం ఎక్కువ. కోపంతో పుట్టిన పాత్ర పుస్తకంలో ఊపిరి పోసుకోవడం కష్టం. అయినా కన్నబిడ్డలు దూరమైన తల్లిని పట్టుకుని, ఆ మొగుడిలో మంచి కూడా చూపించమ్మా అని అడగడానికి నాకు నోరు రాదు. ఆమె మాట వినే కోర్టు ఇంకోటి లేదు.

1858లో భర్త వలస రాజ్యాల మంత్రి అయ్యాడు. మంత్రి పదవి తీసుకుంటే మళ్ళీ ఎన్నికకు నిలబడాలి, అదప్పటి పద్ధతి. జూన్‌లో హెర్ట్‌ఫర్డ్‌లో సభ జరిగింది. రోజీనా టాంటన్ నుంచి వచ్చింది. జనంలోంచి నడుచుకుంటూ వేదిక దాకా వెళ్ళి, ఓటర్ల ఎదుటే ఆయన్ను నిలదీసింది. మంత్రిగారు అక్కడ నిలవలేక వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం జనంతో మాట్లాడుతూనే ఉంది.

ఆ నెలలోనే డాక్టర్ల చేత ఆమెకు పిచ్చి అని సర్టిఫికెట్ రాయించి, బ్రెంట్‌ఫర్డ్‌లోని ఒక పిచ్చాసుపత్రిలో పెట్టించాడు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. దాదాపు మూడు వారాలకు వదిలిపెట్టక తప్పలేదు. కొడుకు ఆమెను వెంటబెట్టుకుని విదేశానికి తీసుకెళ్ళాడు. (రాయలసీమ ధాత కరువుకు విలవిల్లాడుతున్నప్పుడు మనకు వైస్రాయిగా ఉన్నది ఆ కొడుకే.)

రోజీనా నవల వచ్చిన 1839లోనే లండన్ కోవెంట్ గార్డెన్‌లో ‘రిషెల్యూ’ అనే నాటకం ఆడారు. కత్తికంటే కలానిదే బలం అని మన బడిపిల్లలు వక్తృత్వ పోటీల్లో గొంతెత్తి చెప్పే మాట ఆ నాటకంలోదే. రాసినాయన ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్. రోజీనా మొగుడు.