పన్ను కట్టని మాడుగులపల్లి

ఈ దేశంలో నూటికి ఇద్దరే పన్ను కడతారనీ, తక్కిన తొంభై ఎనిమిది మంది ఆ ఇద్దరి కష్టార్జితం మీద కూర్చుని తింటున్నారనీ బోధించే సిద్ధాంతం ఒకటి కొన్నేళ్లుగా నగరాల విద్యాధిక వర్గాల్లో శాస్త్ర ప్రతిష్ఠ సంపాదించుకున్నది. 2025 ఉగాదినాడు, మార్చి 30న, హుజూర్‌నగర్‌లో రేషన్ కార్డుదారులకు మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం పంపిణీ మొదలైనప్పుడు ఈ సిద్ధాంతకర్తల గుండెలో మంట మరోసారి రాజుకున్నది; తమ సొమ్ముతో ముతక మనుషులు సన్నన్నం తినడం వారికి ఆర్థిక సూత్రాల ఉల్లంఘనగానే తోచి ఉండాలి.

ఇంతటి సిద్ధాంతాన్ని పరీక్షించడానికి నల్లగొండ జిల్లాలోని మాడుగులపల్లి తగిన చోటు. 2016 జిల్లాల పునర్విభజనలో మండల కేంద్రమైన ఈ ఊరు నార్కట్‌పల్లి-అద్దంకి రహదారి మీద, మిర్యాలగూడ బియ్యం మిల్లులకు దగ్గరలో ఉన్నది. మిల్లు బియ్యంతో హైదరాబాదుకు పోయే లారీ ఇక్కడి టోల్‌గేటు దగ్గర ఆగి, రుసుము చెల్లించి, ఆ ఖర్చును బియ్యం ధరలో కలుపుకొని ముందుకు సాగుతుంది. ఈ మండలంలోని నాటు కూలీకి గాని, కౌలురైతుకు గాని ఆదాయపు పన్ను కార్యాలయం ఏ దిక్కున ఉన్నదో తెలియవలసిన అవసరం రాలేదు గనుక, సిద్ధాంతం ప్రకారం వీరంతా పన్ను ఎగ్గొట్టి బతుకుతున్నవారే.

పన్ను రెండు రకాలన్న సంగతిని మరచిపోగలిగితేనే ఈ నిర్ధారణ నిలబడుతుంది. ఎవరి మీద విధించారో వారే భరించేది ప్రత్యక్ష పన్ను. ఒకరి చేత కట్టించి, ధరలో కలిపి, మరొకరి కొంగుముడి నుంచి రాబట్టేది పరోక్ష పన్ను. 2017 జులై 1న అమల్లోకి వచ్చిన వస్తు సేవల పన్ను, అంటే జీఎస్టీ, రెండవ జాతికి చెందినది. 2024-25లో దాని స్థూల వసూళ్లు 22 లక్షల కోట్ల రూపాయలు దాటాయి. 2025 ఏప్రిల్‌తో మొదలైన కొత్త లెక్కల్లో తెలంగాణ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు; ఆ కూలితో ఫోనుకు రీచార్జి చేయించుకునే మనిషి చెల్లించే 18 శాతం పన్నుకూ, జూబ్లీహిల్స్ భవనంలోని మనిషి చెల్లించే 18 శాతానికీ రేటులో తేడా లేదు. మొదటివారి సంపాదన అంతా ఖర్చయిపోతుంది, రెండవవారి సంపాదనలో పెద్దభాగం షేర్లుగా, స్థలాలుగా మిగిలిపోతుంది. ఆదాయం పెరిగేకొద్దీ భారం తగ్గే ఇలాంటి పన్నును అర్థశాస్త్రజ్ఞులు తిరోగామి పన్ను అంటారు. కూలి మనిషికి రశీదు ఇవ్వరు, ఇచ్చినా దాన్ని చూపించి తాను పన్ను చెల్లింపుదారునని ఎవరి ముందూ రొమ్ము విరుచుకోలేరు. ఆ గౌరవం ఫారం నింపినవారికే దక్కుతుంది.

సమానత్వానికి పరాకాష్ఠ చూడదలచినవారు 2022 జూన్ చివర చండీగఢ్‌లో జరిగిన 47వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశాన్ని స్మరించాలి. అప్పటికే, ఆ జనవరి నుంచి, వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద పన్ను 5 శాతం నుంచి 12 శాతానికి ఎగబాకి ఉన్నది. ఈ సమావేశం సానపట్టిన వజ్రాలపై పన్నును పావు శాతం నుంచి ఒకటిన్నర శాతానికి పెంచి సంపన్నుల పట్ల తన కాఠిన్యాన్ని చాటుకున్నది. అదే ఊపులో, ముందుగా సంచిలో నింపి ముద్ర వేసి అమ్మే బియ్యం, గోధుమపిండి, పెరుగు వంటివాటిని 5 శాతం పన్ను కిందికి తెచ్చింది. వజ్రానికి ఒకటిన్నర, బంగారానికి మూడు, బియ్యానికి ఐదు: నవరత్నాల్లో బియ్యాన్ని చేర్చి దానికి అగ్రపీఠం వేసిన ఘనత మరే రాజ్యానికి దక్కిందో చరిత్రకారులు తేల్చవలసి ఉన్నది.

విడిగా తూచి కొంటే ఈ పన్ను ఉండదని ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ అప్పట్లో వివరణ ఇచ్చారు. పేదలు ముద్రా, తూకం భరోసా లేని సరుకు కొనుక్కుంటే చాలునన్నది దాని సారాంశం. నిబంధనలో మరో సొగసు ఉన్నది: సంచి 25 కిలోలు దాటితే పన్ను లేదు. అందువల్ల ఆ జులై నుంచి 26 కిలోల బస్తా అనే అపూర్వ సృష్టి బజారులోకి వచ్చింది. నెల జీతం చేతిలో పడగానే బస్తా కొనగల ఇల్లు పన్ను తప్పించుకున్నది. ఏ వారం కూలి ఆ వారం ఖర్చుపెట్టి ఐదు కిలోల సంచి తెచ్చుకునే ఇల్లు పన్ను కట్టింది. ఒక్క కిలో బరువుతో ఖజానాను ఓడించగలిగిన వ్యాపార ప్రతిభను తప్పుపట్టడం కన్నా, ఆ కిటికీని తెరిచిపెట్టిన చట్టాన్ని తప్పుపట్టడం న్యాయం.

బియ్యం పండించే రైతు పరిస్థితి మరీ విచిత్రమైనది. వ్యాపారి తాను కొన్న సరుకుపై కట్టిన పన్నును, అమ్మినప్పుడు కట్టవలసిన పన్నులో మినహాయించుకోవచ్చు. దీనినే ఇన్‌పుట్ క్రెడిట్ అంటారు. ఎరువుపై 5 శాతం, పురుగుమందుపై 18 శాతం కట్టిన రైతుకు ఈ మినహాయింపు లేదు, ఎందుకంటే వడ్లు పన్ను పరిధిలోకి రావు గనుక రైతు కట్టినదంతా రైతు దగ్గరే ఆగిపోతుంది. పన్ను లేని పంట అన్న కీర్తి మాత్రం ఆయనకు మిగులుతుంది. ఇక జీఎస్టీలో చేరని డీజిల్ సంగతి: దానిపై రాష్ట్రం 27 శాతం వ్యాట్ వసూలు చేస్తుండగా, 2020 మేలో, లాక్‌డౌన్ నడుమ, ప్రపంచ మార్కెట్లో ముడిచమురు చవకై ఉన్న రోజుల్లో, కేంద్రం లీటరుపై తన సుంకాన్ని 31.83 రూపాయలకు చేర్చింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరికోత మిషను గంటకింతని అద్దెకు తెచ్చుకున్న ప్రతి కౌలురైతూ ఆ అద్దెలో రెండు ప్రభుత్వాలనూ పోషించాడు.

అదే కాలంలో పైమెట్టున జరిగింది వేరు. 2019 సెప్టెంబరు 20న కంపెనీల మూల పన్ను రేటు 30 శాతం నుంచి 22కు తగ్గింది. వదులుకున్న రాబడి ఏడాదికి 1.45 లక్షల కోట్లని ప్రభుత్వమే చెప్పింది, దాన్ని ఉచితమని ఎవరూ పిలవలేదు. వారసత్వంగా వచ్చే ఆస్తిపై విధించే ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. 1957లో వచ్చిన సంపద పన్ను, వసూలు తక్కువ, ఖర్చు ఎక్కువ అన్న కారణంతో 2015 బడ్జెట్‌లో రద్దయింది. మేత వేయని గేదె పాలివ్వడం లేదని కబేళాకు తోలినట్లున్న ఈ తర్కం సర్వత్రా వర్తించదు. సంచి బియ్యం మీద పన్నును అంతే దయతో ఎవరూ పరిశీలించలేదు.

ఇక్కడ రెండు శాతం సిద్ధాంతకర్తల మీద కొంత జాలి కలగక మానదు. 2023-24లో వ్యక్తులు కట్టిన ఆదాయపు పన్ను కంపెనీలు కట్టిన పన్నును మించిపోయింది. జీతగాడి పై శ్లాబు 30 శాతం కాగా, షేర్లను ఏడాదికి మించి ఉంచుకుని లాభానికి అమ్మినవారికి రేటు 12.5 శాతమే. అన్యాయం జరిగిన మాట నిజమే గాని, దోచినవాడిని మాడుగులపల్లి పొలాల్లో వెతుకుతున్నారు. 1940లలో ఇదే సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల్లో నిజాం సర్కారు లెవీ ధాన్యం పేరిట చిన్న రైతు గాదె ఊడ్చుకుపోతుంటే దేశ్‌ముఖుల గాదెలు భద్రంగా ఉండేవి. ఆనాటి రైతులు మాత్రం ఎవరి గాదె వైపు చూడాలో పొరపడలేదు.

2025 సెప్టెంబరు 22న సబ్బు, తలనూనె, చెప్పులపై పన్ను 5 శాతానికి దిగింది, పెన్సిళ్లు, నోటుపుస్తకాలపై పూర్తిగా పోయింది; ఎనిమిదేళ్లు ఆలస్యమైనా మంచి పనే. సంచి బియ్యంపై 5 శాతం అలాగే ఉంచారు. జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలకు మూడింట రెండు వంతుల ఓటు బలం ఉన్నది. నాలుగింట మూడు వంతుల మద్దతు లేనిదే నిర్ణయం జరగదు. కాబట్టి ఓట్లడగడానికి మాడుగులపల్లికి వచ్చే ప్రతి పార్టీ నాయకుడినీ, ఢిల్లీ పార్టీయైనా హైదరాబాదు పార్టీయైనా, సంచి బియ్యం మీద పన్నును తీయించడానికి కౌన్సిల్‌లో తన ప్రభుత్వం ఏం మాట్లాడిందో, ఎటు ఓటు వేయనున్నదో ఓటర్లు అడగాలి.