మూడున్నర రూపాయల వడ్డీకి అభినందనలు

సంక్రాంతికి మా మనవరాలు హైదరాబాదు నుంచి బందరు వచ్చింది. భోజనాల దగ్గర దాని ఫోన్ కిణుక్కుమంది. చూసి పక్కన పడేసింది. నాకు ఊరుకోబుద్ధి కాక ఏమిటే అన్నాను. "ఏం లేదు తాతయ్యా, కార్డు లిమిట్ 3 లక్షల నుంచి 4 లక్షల 20 వేలకి పెంచుకోమంటున్నారు" అంది, గోంగూర కలుపుకుంటూ.

కళ్లజోడు పెట్టుకుని చదివాను. మొదటి మాటే "అభినందనలు!" పిల్ల జీతం చేతికొచ్చేది 27 వేలు. హాస్టల్‌కి, మెట్రోకి, తిండికి పోను ఏం మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. అలాంటి పిల్లని ఇంకో లక్షా ఇరవై వేలు అప్పు చేసుకోవచ్చని అభినందించడమా? పెళ్లి కుదిరినవాళ్లకీ, పరీక్ష ప్యాసైనవాళ్లకీ చెప్పే మాట కాదూ అది! మా రోజుల్లో అప్పు దొరికిందని తెలిస్తే గొంతు తగ్గించి ఒకటే అడిగేవాళ్లు: "ఎంతకి తెచ్చావురా?"

ఎంతకి అంటే వడ్డీ ఎంతకి అని. నూటికి నెలకి రూపాయి అయితే ధర్మవడ్డీ. రెండంటే ఇంట్లో ఆడవాళ్లు మొహం చిట్లించేవాళ్లు. మూడు రూపాయలకి తిప్పేవాడుంటే పొద్దున్నే వాడి మొహం చూడకూడదనేవాళ్లు. ఇప్పుడు కార్డుతో పాటు వచ్చే కాగితంలో చీమతలకాయంత అక్షరాల్లో చూడండి. నెలకి 3.5 శాతం, కొన్నింటికి 3.75. మన లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ. ఏడాదికి 42. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. మా ఊరి మూడు రూపాయల మనిషికి పాపం ఇంత తెలివి లేదు, ఊరికే చెడ్డపేరు మోసి పోయాడు.

కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటితే అన్యాయమేనని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అంది. బ్యాంకులు సుప్రీంకోర్టుకి వెళ్లాయి. 2024 డిసెంబరులో కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. పేపర్లో చదివి ఆ రోజు కాఫీ సయించలేదు నాకు.

సరే, మా రోజుల సంగతికి వస్తాను. నా లిమిట్ 100 రూపాయలు. 1976లో పెళ్లయి రాబర్ట్‌సన్‌పేటలో కాపురం పెట్టిన నెలలోనే ఖరారైంది. ఫారాలూ సంతకాలూ ఏమీ లేవు. వీధి చివరి కొట్టాయన నా చెప్పులు చూశాడు, సైకిలు చూశాడు. ఏ ఆఫీసు, ఏ తారీకున జీతం, ఎంత అన్నాడు. నాలుగొందల ముప్పై అన్నాను. "వంద దాకా రాస్తానండీ. ఆపైన అడిగి మొహమాటపెట్టకండి" అన్నాడు. అంటే జీతంలో పావు వంతు కూడా కాదు. మా మనవరాలి 3 లక్షలు దాని పదకొండు నెలల జీతం! అది హాస్టల్‌లో ఏ మంచం మీద పడుకుంటుందో, ఏ పూట తింటుందో ఎరగనివాళ్లు ఇచ్చిన లిమిట్.

ఒక ఉగాదికి ఖాతా 97 దగ్గర ఉండగా వెళ్లి రెండు కిలోల శనగపిండి, కిలో నెయ్యి కట్టమన్నాను. లడ్డూలు చేయించాలని. ఆయన చెవి మీది పెన్సిలు చెవి మీదే ఉంది. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం తాడు కూడా విప్పలేదు. "జీతాలొచ్చాక చేసుకోండి లడ్డూలు" అన్నాడు, నలుగురూ వింటుండగా. నా చెవులు కాలిపోయాయి. విసురుగా సైకిలెక్కి కోనేరు సెంటర్లో ఇంకో కొట్టుకి వెళ్తే, అక్కడాయన తాపీగా "తమరికి ఖాతా ఎవరి దగ్గరండీ?" అని అడిగి, పేరు చెప్పగానే "ఆయన రాయనిది నేనెలా రాస్తాను బాబూ" అన్నాడు. ఎవరి అప్పుల చరిత్ర ఎలాంటిదో రాసిపెట్టే సిబిల్ 2000 సంవత్సరంలో పెట్టారంటారు గానీ, మా బందరులో అంతకు చాలా ముందే ఉంది.

కార్డులు కూడా మాకు కొత్తేం కాదండోయ్. 1923లో పట్టాభి సీతారామయ్య గారు మా బందరులోనే పెట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో మొదటి వరస అది. ఆ బ్యాంకే 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆ దిగులు వేరే. అప్పట్లో ఆ కార్డు మాబోటి గుమాస్తాల జోలికి రాలేదు, మేమూ దాని జోలికి పోలేదు. ఇప్పుడో? రూపే కార్డుని ఫోన్‌కి తగిలించుకుంటే పది రూపాయల టీకి కూడా కొన్నిచోట్ల అప్పు రాసేస్తుంది. టీకొట్టువాడికి మీరు అప్పులో తాగుతున్నారని తెలియదు, అసలు సమస్యంతా అక్కడే ఉంది. అడగకుండా లిమిట్ పెంచకూడదని రిజర్వు బ్యాంకు 2022లో గట్టిగానే చెప్పింది. బాగానే ఉంది. అర్ధరాత్రి నిద్రకళ్లతో ఒక మీట నొక్కితే ఒప్పుకున్నట్టే కదా! మా కొట్టాయన దగ్గర లిమిట్ పెంచమని అడగాలంటే నలుగురి ముందు నోరు తెరవాలి. ఆ సిగ్గే సగం కాపలా.

మా పక్కవీధి కుర్రాడొకడు మొన్న నా దగ్గరికొచ్చి, "నేను ప్రతి నెలా కడుతూనే ఉన్నానండీ, అప్పు మాత్రం కదలట్లేదు" అన్నాడు. స్టేట్‌మెంట్ తెమ్మన్నాను. బాకీ 40 వేలు. కనీస మొత్తం, అంటే 5 శాతం, 2 వేలు. బుద్ధిగా అదే కడుతున్నాడు. పాత క్యాలెండర్ వెనక రాసి చూపించాను. నెల వడ్డీ 1,400. దాని మీద జీఎస్టీ 252. రెండూ పోగా అసల్లో తరిగేది 348 రూపాయలు. అదీ కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకపోతే. వాడేమో సినిమా టిక్కెట్లు, పెట్రోలు మళ్లీ దాని మీదే గీకుతున్నాడు. పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని యాభై రోజుల గడువు వర్తించదనీ, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుందనీ వాడికి ఎవరూ చెప్పలేదు. "మినిమమ్ అని వాళ్లే రాశారు కదండీ, అది కడితే సరిపోతుందనుకున్నా" అన్నాడు, బిక్కమొహం వేసి. చీటీ పాడి ఆ బాకీ ఒకేసారి తీర్చెయ్యమన్నాను. చీటీలో పోయేది ఎంతైనా మూడున్నర రూపాయలంత ఉండదు.

ఈ కోపమంతా మనవరాలి మీద కక్కాను. ఆ కార్డు తిరిగిచ్చెయ్, పోనీ లిమిట్ పాతిక వేలకి కోయించు అన్నాను. అది కంచం కడిగొచ్చి నా పక్కన కూర్చుని, లిమిట్ తగ్గిస్తే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది తాతయ్యా అంది. లిమిట్‌లో ఎంత తక్కువ వాడితే స్కోరు అంత బాగుంటుందట. 300 నుంచి 900 దాకా ఉండే అంకె అది. 30 శాతం దాటొద్దని అందరూ చెబుతారట. రేపు ఇంటి అప్పుకి వెళ్తే ముందు చూసేది దాన్నేనట. మేం పరపతి అనేవాళ్లం. పరపతి అంటే పదిమందిలో మనిషి మాటకున్న విలువ. ఇప్పుడది మూడంకెల సంఖ్య అయి కూర్చుంది.

అయినా నేను వదల్లేదు. "3 లక్షల్లో 30 శాతమంటే 90 వేలు. నీ జీతానికి మూడు రెట్లు పైనే. ఇదేం సలహా?" అన్నాను. పిల్ల నవ్వింది. "నా 30 శాతం జీతంలో తాతయ్యా, లిమిట్‌లో కాదు" అని ఫోన్ తెరిచి చూపించింది. ఆ యాప్‌లోనే తన ఖర్చుకి తనే 8 వేల గీత గీసుకుంది. దాటితే కార్డు పనిచేయదు. డబ్బు తీసే వీలు మూసేసింది, కార్డు మీద నగదు తీస్తే ఆ రోజు నుంచే వడ్డీ అని. గడువు తేదీకి బ్యాంకు ఖాతా నుంచి బాకీ దానంతట అదే చెల్లిపోతుంది. అక్కడ "మొత్తం", "కనీసం" అని రెండుంటే "మొత్తం" దగ్గర టిక్కు పెట్టుకుంది. అంటే మా కొట్టాయన చెవి మీద పెన్సిలు, దీని ఫోన్‌లో ఉంది. నేను పైకి ఒప్పుకోలేదు. ముసలాణ్ణి, అంత తొందరేం లేదు.

దానికి బదులు మా రోజుల్లో నమ్మకాలు ఎలా ఉండేవో చెబుదామని 1977 సంగతి ఎత్తాను. నవంబరు 19 దివిసీమ ఉప్పెన. వేలమందిని పొట్టన పెట్టుకున్న రాత్రి. మా కొట్టాయన కొట్టు పైకప్పు లేచిపోయి, వానకి ఆయన ఎర్రగుడ్డ పుస్తకం ముద్దయిపోయింది. నాలుగు రోజుల తర్వాత ఒక్కొక్కళ్లనీ పిలిచి, "మీ బాకీ ఎంతో మీరే చెప్పండి, రాసుకుంటాను" అన్నాడు. ఇంతవరకూ ఎప్పుడూ చెప్పే కథే. ఈసారి ఎందుకో మిగతాది కూడా నోటికొచ్చేసింది. ఇంట్లో మేం రాసుకునే ఖాతా కాపీ కూడా తడిసిపోయిందని చెప్పాను. తడవలేదు. ట్రంకుపెట్టెలో పొడిగా ఉంది. అందులో 84 రూపాయలు. నేను చెప్పింది 70.

ఆయన నా కళ్లలోకి కాసేపు చూసి 70 రాసుకున్నాడు. తర్వాత పెన్సిలు చెవి మీద పెట్టుకుని, "ఇకనుంచి మీకు 70 దాకానే రాస్తానండీ" అన్నాడు.

"ఆయనకి తెలిసిపోయిందా తాతయ్యా?" అంది మనవరాలు.

మళ్లీ వంద అవడానికి రెండేళ్లు పట్టింది. ఒకరోజు లెక్క 72 అయినా ఏమీ అనకుండా రాసేశాడు, అలా తెలిసింది. ఆ నెల్లోనే శనగపిండీ నెయ్యీ తెచ్చాను. మా ఆవిడ లడ్డూలు చేసింది, ఎందుకో మాత్రం ఆవిడకి చెప్పలేదు.