మార్కాపురం మైక్రోస్కోపు ఆత్మకథ

మార్కాపురంలోని ఒక గళ్ల పరీక్ష గదిలో బల్ల మీదుండే మైక్రోస్కోపు తన కథ చెప్పుకోవాలంటే ఎర్ర కడ్డీలతోనే మొదలుపెడుతుంది. అది పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని వాటిని వెతకడమే. టెక్నీషియన్ గాజు స్లైడు మీద గళ్లను పలచగా పూసి ఆరబెడతాడు. కార్బాల్ ఫుక్సిన్ పోసి, ఆవిరి లేచేదాకా కింద మంట చూపిస్తాడు, మరగనివ్వడు. ఆపైన 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగితే మిగతావన్నీ ఎరుపు వదిలేస్తాయి. మైనంలాంటి పొర కప్పుకున్న క్షయ క్రిమి కుటుంబం, అంటే మైకోబ్యాక్టీరియా, మాత్రం వదలదు. మిథిలిన్ బ్లూ పోసి, నూనె చుక్క వేసి, పెద్ద లెన్సు దించితే నీలి నేల మీద సన్నటి ఎర్ర కడ్డీలు కనిపిస్తాయి. వంద ఫీల్డులు చూసినా ఒక్కటీ లేకపోతేనే నెగెటివ్ అని రాయాలి. 1882లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని లోకానికి చూపించిన కొద్దికాలానికే సీల్, నీల్సన్ కుదిర్చిన పద్ధతి ఇది.

అయితే ఎరుపు పట్టుకుని వదలని గుణం క్షయ క్రిమి ఒక్కదానిదే కాదు. మట్టిలో, చెరువుల్లో, కుళాయి గొట్టాల లోపలి జిగురు పొరలో బతికే దాని దాయాదులు దాదాపు 200 జాతులున్నాయి. వాటిని క్లోరిన్ కూడా సులువుగా చంపలేదు. వీటినే క్షయేతర మైకోబ్యాక్టీరియా, పొట్టిగా ఎన్‌టీఎం అంటారు. లెన్సు కింద అన్నీ ఎర్ర కడ్డీలే. ఏది ఏదో తాను విడదీసి చెప్పలేనని ఈ మైక్రోస్కోపు మొదటి నుంచీ చెబుతూనే ఉంది.

మార్కాపురంలో ఆ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. తెలుగు బడులకు పలకలిచ్చిన ఊరిది. రాతి పొరలను చీల్చి, కోసి, నున్నగా అరగదీసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి ఆనని ఆ రేణువులు ఊపిరితిత్తుల అడుగుకు చేరితే, క్రిముల్ని మింగాల్సిన కణాలు ఆ దుమ్మును మింగి చచ్చిపోతాయి. అలా వచ్చేదే సిలికోసిస్. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసే కూలీలను 1980లలో పరీక్షిస్తే సగానికి పైగా మందిలో అది బయటపడింది. దుమ్ము తిన్న ఊపిరితిత్తుల్లో క్షయ సులువుగా పాగా వేస్తుంది, ఎన్‌టీఎం కూడా అంతే. దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో మైకోబ్యాక్టీరియం కాన్సాసై జబ్బును డాక్టర్లు 1990లలోనే వివరంగా నమోదు చేశారు.

"ఆరు నెల్లు మందులు మింగినా గదా సారూ, మళ్లీ పురుగులుండాయంటారేంది?" అని అడిగే ముసలాయన ఈ చుట్టుపక్కల ఏ పరీక్ష గదికైనా రావచ్చు. ఇంట్లో ఆయన కంచం, చెంబు అప్పటికే విడిగా పెట్టేసి ఉంటారు. నిజంగా అది ఎన్‌టీఎం అయితే ఆ వెలివేత అక్కర్లేదు. మామూలుగా అది మనిషి నుంచి మనిషికి అంటదు.

ఇక్కడే పక్క బల్ల మీది ట్రూనాట్ అక్కరకొస్తుంది. గోవాలో తయారైన ఆ చిన్న యంత్రం చిప్ మీద క్షయ క్రిమి జన్యువును వెతుకుతుంది. మైక్రోస్కోపు కింద ఎర్ర కడ్డీలు గుంపులుగా కనిపిస్తూ, ట్రూనాట్ మాత్రం క్షయ లేదంటే ఎన్‌టీఎంను అనుమానించాలి. తేల్చాల్సింది కల్చరే. ద్రవ మాధ్యమంలో ఆరు వారాల దాకా, గుడ్డుతో చేసిన గట్టి మాధ్యమంలో ఎనిమిది వారాల దాకా ఆగాలి. మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ లాంటి తొందర ఎన్‌టీఎం జాతులు వారంలోనే మొలుస్తాయి. మొలిచిన క్రిమిని ఎంపీటీ64 కార్డు మీద వేస్తే పావుగంటలో క్షయో కాదో తెలిసిపోతుంది.

ఒక్క కల్చర్‌లో ఎన్‌టీఎం మొలిచిందని జబ్బు ఉన్నట్టే అనుకోకూడదు. నోరు పుక్కిలించిన కుళాయి నీళ్లలోంచీ అది రావచ్చు. స్లైడు కడిగిన నీళ్లలోంచి కూడా ఎర్ర కడ్డీలు దిగుతాయి, అందుకే రంగులకు డిస్టిల్డ్ వాటరే వాడాలి. దగ్గు, బరువు తగ్గడం లాంటి లక్షణాలు, ఎక్స్‌రేలోనో స్కాన్‌లోనో మచ్చలు, విడివిడిగా తీసిన కనీసం రెండు గళ్ల నమూనాల్లో ఒకే క్రిమి, ఈ మూడూ కలిసినప్పుడే మామూలుగా డాక్టర్లు జబ్బుగా లెక్కిస్తారు.

ఈ క్రిములు మనచుట్టూ ఎంతగా ఉన్నాయో పక్క రాష్ట్రంలోనే తేలింది. 1968లో చెంగల్పట్టులో మొదలైన పెద్ద బీసీజీ పరిశోధనలో టీకా పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆపలేకపోయింది. మట్టిలో, నీళ్లలో ఉండే మైకోబ్యాక్టీరియాతో అక్కడి జనానికి ముందే పరిచయం ఉండడం ఒక కారణమని శాస్త్రవేత్తలు భావించారు.

మందుల దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎన్‌టీఎంలో మైకోబ్యాక్టీరియం ఏవియం గుంపుకైతే అజిత్రోమైసిన్, ఇథాంబుటాల్, రిఫాంపిసిన్ కలిపి ఇస్తారు. రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ క్షయ మందుల్లోనూ ఉంటాయి గనక రోగికి కొంత నయమైనట్టు అనిపించి, మళ్లీ తిరగబెడుతుంది. దాన్ని మొండి క్షయగా పొరబడే ప్రమాదం అక్కడే. అబ్సెసస్ అయితే మామూలు క్షయ మందులకు లొంగదు. అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు వారాల తరబడి పడాలి, వాటితో వినికిడి దెబ్బతినవచ్చు గనక చెవులు కాపాడుకోవాలి. ఇథాంబుటాల్ వాడేవాళ్లకు ఎరుపు, ఆకుపచ్చ సరిగా తెలుస్తున్నాయో లేదో చూస్తుండాలి. ఏవియంకైతే కల్చర్ నెగెటివ్ అయిన రోజు నుంచి ఇంకో 12 నెలలు మందు ఆపకూడదు.

సూది వేసిన చోటో, లాపరోస్కోపీ కుట్ల దగ్గరో నెలలైనా మానని గడ్డ కూడా ఈ బాపతే కావచ్చు. గడ్డ కోసి తీసిన చీమంతా పారేయకుండా కొంత పరీక్షకు పంపితే ఈ మైక్రోస్కోపు సంతోషంగా చూస్తుంది.

అది గట్టిగా కోరేది ఒక్కటే. గళ్ల పరీక్ష కాగితం మీద రోగి చేసిన పని కూడా రాయాలి, పలకల గనిలోనా, కోత మిషను దగ్గరా, ఎన్నేళ్లు అని. దాని పక్కనే తన ఫలితం, ట్రూనాట్ ఫలితం ఒకే వరుసలో ఉండాలి. రెండూ పొసగకపోతే అదే రోజు ఇంకో డబ్బాలో గళ్ల తీసి కల్చర్‌కు పంపాలి. మందులు మార్చే సంగతి డాక్టరు ఆ తర్వాత చూసుకోవచ్చు.