పెట్టె విప్పని పందెం

పాతకాలపు రేసు కార్ల నమూనాలు ఎక్కువగా 1:43, 1:18 కొలతల్లో దొరుకుతాయి. వాటిని పోగుచేసేవారు మూడు రకాలు: కొలతలరాయుడు, పెట్టెభక్తుడు, కొత్తబంటు. ముగ్గురివల్లా బతికేవాడు దుకాణదారు. నలుగురూ ఒక బల్ల దగ్గర చేరితే మాటలు ఈ క్రమంలో నడుస్తాయి.

కొత్తబంటు: ఈ ఎర్రకారు ఏమిటండీ?

దుకాణదారు: ఫెరారీ 250 జీటీవో సార్. 1962 నుంచి 64 దాకా 36 మాత్రమే చేశారు. 2018లో వేలానికొచ్చిన అసలుది 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. ఇది 1:43, పొడవు సుమారు 10 సెంటీమీటర్లు.

కొలతలరాయుడు: ఆ 43 ఎక్కడిదో తెలుసా నాయనా? 'ఓ గేజి' అనే కొలత బొమ్మరైళ్లది. రైలు పక్కన పెట్టుకోవడానికి చేసిన కార్లతో మొదలైంది.

కొత్తబంటు: అంటే స్టేషను బయట బాడుగకి నిలబడ్డ వంశమన్నమాట.

దుకాణదారు: వివరాలు కావాలంటే 1:18 చూడండి. జర్మనీ సీఎంసీ వాళ్ల కారులో విడిభాగాలే వెయ్యి దాటతాయి. బానెట్ ఎత్తితే ఇంజను, గొట్టాలు, తీగలు.

కొలతలరాయుడు: నా దగ్గర ఉంది. ఎత్తను. వేలిముద్రలు పడతాయి.

దుకాణదారు: అయితే రెజిన్‌ది పట్టుకెళ్లండి, చాలావాటికి తలుపులే తెరుచుకోవు. సిలికాన్ అచ్చులో పోస్తారు. ఉక్కు అచ్చు ఖర్చు ఉండదు. అందుకే ఎవరూ ఎరగని కార్లు కూడా వస్తాయి.

కొలతలరాయుడు: ఈ జీటీవో మీద 19వ నంబరుంది. 1962 లె మాన్స్ పందెంలో రెండోస్థానం. కానీ రివెట్లు ఆ రోజువేనా? అప్పట్లో పందెం పందేనికీ రేకు మార్చేవారు, రంగు మళ్లీ కొట్టేవారు.

కొత్తబంటు: అసలు కారే అసలుగా మిగల్లేదా?

కొలతలరాయుడు: కనకనే నమూనా తప్పు లేకుండా ఉండాలి.

కొత్తబంటు: ఈ నల్ల లోటస్ 72 మీద పేరేదండీ?

దుకాణదారు: 1972లో ఫిట్టిపాల్డి ఫార్ములా వన్ ఛాంపియన్ అయిన కారు సార్. అసలుదాని మీద సిగరెట్ పేరుండేది. పొగాకు ప్రకటనల మీద ఆంక్షలున్నాయని నమూనా మీద వేయలేదు.

కొలతలరాయుడు: ఆ అక్షరాలు వేరే కొంటాను. నీళ్లలో నానబెట్టి, పట్టకారుతో కాగితం మీంచి జార్చి అంటిస్తాను. జన్మలో సిగరెట్ ముట్టలేదు. ఆ పేరు లేని కారు మాత్రం ఇంట్లో ఉండనివ్వను.

పెట్టెభక్తుడు: ఈ గొడవంతా విప్పేవాళ్లకి. నా బీరువాలో ఒక్క పెట్టె విప్పలేదు.

కొత్తబంటు: లోపల కారు బాగుందని ఎలా తెలుస్తుందండీ?

పెట్టెభక్తుడు: పెట్టె బాగుందిగా!

కొలతలరాయుడు: కార్లు పోసే జింకు మిశ్రమంలో సీసం కలిసి ఉంటే కాలం గడిచేకొద్దీ పగుళ్లు పుడతాయి. రెండో ప్రపంచయుద్ధానికి ముందు చేసిన డింకీ బొమ్మకార్లలో చాలావాటికి ఆ తెగులుంది. ముట్టుకుంటే ముక్కలవుతాయి.

పెట్టెభక్తుడు: అమ్మో! చూద్దామంటే విప్పాలి, విప్పితే ధర పడుతుంది.

దుకాణదారు: బెంగ పెట్టుకోకండి సార్. లోపల పొడే మిగిలినా, ఖాళీ పెట్టె కొనేవాళ్లు వేరే ఉన్నారు.