తోక లేని బొమ్మ

పూర్వం కారులో రేడియో చెడిపోతే మనిషి చేసే పని ఒక్కటే, తనే పాడుకోవడం. రేడియోకీ వైపర్లకీ, రేడియోకీ సీటుకీ ఏ చుట్టరికమూ ఉండేది కాదు. పాట ఆగితే పాటే ఆగేది. ఇంత అనాగరికంగా బతుకుతున్నామని కార్ల కంపెనీలు జాలిపడి ఆ డబ్బాకి పెద్ద తెర తగిలించి ఏసీ, ఫోను, పటం, వెనక కెమెరా, గడియారం అన్నీ దాని చేతికే అప్పజెప్పాయి. ఇప్పుడు రేడియోకి తిక్క రేగితే, కారు వెనక్కి తీయడానికి తల బయటపెట్టి చూసుకోవాలి.

అమెరికాలోని సియాటెల్ నగరం 2022 జనవరి చివర్లో ఈ నాగరికత రుచి చూసింది. 2014-17 మధ్య మోడల్ మాజ్డా కార్లున్న కొందరు 94.9 ఎఫ్ఎంలో కేయూఓడబ్ల్యూ అనే పబ్లిక్ రేడియో పెట్టుకున్నారు. అంతే, రేడియో దానికి అతుక్కుపోయింది. మీట తిప్పినా, తిట్టినా, ఇంజను ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా అదే స్టేషను. తెర ఆరుతుంది, వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. బ్లూటూత్ పోయింది. వార్తలు మాత్రం ఆగవు!

ఇంతకీ జరిగిన ఘోరం ఏమిటయ్యా అంటే, డిజిటల్ రేడియోలో మాటా పాటా వెంట చిన్న చిన్న బొమ్మలు కూడా వస్తాయి. ఆ స్టేషను పంపిన కొన్ని బొమ్మల ఫైళ్లకి పేరు చివర చుక్క పెట్టి రాసే తోక లేదు. అది చూసి మాజ్డా కంప్యూటరు బెంబేలెత్తిపోయింది. తెలియని ఫైలొస్తే పక్కన పడేయాలన్న ఇంగితం దానికెవరూ చెప్పలేదు. ఇలాంటి చుక్క తప్పిపోయినా పని ఆగకుండా కోడు రాసి జీతం తీసుకునేవాళ్లు, మన తెలుగువాళ్లతో సహా, వేలమంది ఉన్న ఊరది. షోరూముకి వెళ్తే చెప్పింది ఏమిటంటే: డబ్బా మొత్తం మార్చాలి, 1,500 డాలర్లు, ప్రస్తుతానికి స్టాకు లేదు. విషయం పేపర్లకెక్కాక, దరఖాస్తు పెట్టుకుంటే ఉచితంగా మారుస్తామని కంపెనీ దయ తలిచింది.

సరిగ్గా ఆ నెలలోనే పాత హోండా కార్లలో గడియారాలు ఇరవయ్యేళ్లు వెనక్కి, 2002కి వెళ్లిపోయాయి. కారు గడియారానికి సమయం చెప్పే ఉపగ్రహాలు వారాలు లెక్కపెట్టే పద్ధతిలో 1024 దాటగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఆ సంగతి డబ్బాలోని సాఫ్ట్‌వేరుకి సరిగ్గా తలకెక్కలేదు. ఏం చేయమంటారని జనం అడిగితే, ఆగస్టు దాకా ఓపిక పట్టండి, దానంతటదే సర్దుకుంటుందని హోండా అంది. మన జ్యోతిష్కుడు శనిదోషానికి కనీసం తైలాభిషేకమైనా చేయిస్తాడు.

టెస్లా అయితే దాపరికం లేని మనిషి. 8 జీబీ చిప్పు మీద కారు తన దినచర్య తనే రాసుకుంటూ రాసుకుంటూ దాన్ని అరగదీసింది. చిప్పు పోతే తెర పోతుంది, తెరతో పాటు వెనక కెమెరా, అద్దం మీద మంచు కరిగించే మీట. 2021లో దాదాపు 1.35 లక్షల కార్లు వెనక్కి పిలవాల్సొచ్చింది. అలాంటి భాగం కారు బతికినంత కాలం బతకాలనుకోవడం గిట్టుబాటయ్యే పని కాదని ప్రభుత్వానికి రాసి మరీ ఇచ్చింది. వేలాది డాలర్లు పోసి కొన్నవాడికి ఆ మాట కొనేముందు ఎవరూ చెప్పలేదు మరి.

చెడిపోకుండా పనిచేసే తెరల సంగతీ చూద్దాం. అదే 2022లో స్వీడన్ పత్రిక వీ బీలాగారే పరీక్ష పెట్టింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో నాలుగు మామూలు పనులు చేయడానికి మీటలున్న 2005 నాటి వోల్వోలో 10 సెకన్లు పట్టింది. కొత్త ఎంజీ మార్వెల్ ఆర్‌లో 44.6 సెకన్లు. అంటే చూపు తెరకీ రోడ్డుకీ మధ్య ఊగిసలాడుతుండగా కారు కిలోమీటరు పైన దాటేస్తుంది.

ఇక లాభం లేదని యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ, 2026 నుంచి మంచి మార్కులు కావాలంటే హారనుకీ, వైపర్లకీ, ఇండికేటర్లకీ నిజమైన మీటలే ఉండాలంది. కంపెనీలకి ఇది పిడుగుపాటేమీ కాదు, కారులో ఉన్న వస్తువుకే అద్దె వసూలు చేయాలన్న ఆలోచన వాటికి కొత్తేమీ కాదు. సీటు వెచ్చబరిచే సౌకర్యానికి బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో నెలకి దాదాపు 18 డాలర్ల చందా పెట్టి, జనం తిట్టిపోస్తే 2023లో వెనక్కి తగ్గింది. మీటలకి నెలకెంతో ఇంకా తేలలేదు.